తనంతట ముడుచుకున్న చేయి

లసుమవ్వ చేయి తనంతట తానే ముడుచుకుంది. బొటనవేలు అరచేతిలోకి వంగింది. మిగతా నాలుగు వేళ్లూ ఒకదానికొకటి ఆనుకుని, కొసలు దగ్గరికి చేరి, మొగ్గలా మొనదేలాయి. ముప్పై ఏళ్లుగా గాజులు తొడుగుతున్న రాధాబాయికి ఇంత లొంగిన చేయి ఎన్నడూ దొరకలేదు. ఆ పొద్దు ఆమె సంతోషపడింది. తర్వాత ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా తనను తాను తిట్టుకునేది.

ఆర్మూరు పసుపు మార్కెట్ వెనక వీధిలో ఉన్న ఆడవాళ్ల చేతులన్నీ రాధాబాయికి మొహాలకంటే బాగా గుర్తు. పసుపు కొమ్ములు ఏరేవాళ్ల చేతిగీతల్లో పచ్చదనం ఎండాకాలం అయిపోయినా వదలదు. బీడీలు చుట్టేవాళ్ల వేళ్లు సన్నంగా, చురుగ్గా ఉంటాయి గానీ మణికట్టు బిగుసుకుపోయి ఉంటుంది. ఏ చేయైనా సరే, గాజు కణుపుల దగ్గరికి వచ్చేసరికి ఎదురు తిరుగుతుంది. నొప్పికి మనిషి చేయి గుంజుకుంటే గాజు చిట్లుతుంది. చిట్లితే ఆ ఇంటికి మంచిది కాదు, తొడిగినదాని పేరుకూ మంచిది కాదు. అందుకని రాధాబాయి తల్లి ఒక పద్ధతి నేర్పిపోయింది. ఎదుటి మనిషి చేతిని మోచేతికి పైన, దండ దగ్గర, తన రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకోవాలి. ఇక ఆ చేయి ఎటూ కదలదు. అప్పుడు తీరిగ్గా అరచేతిని పిసికి మెత్తన చేసి గాజు ఎక్కించాలి.

లసుమవ్వ హైదరాబాదు పెద్ద దవాఖాన నుంచి వచ్చి మూడో రోజు. ఆపరేషనుకు ముందు ఆమె చేతి గాజులన్నీ తీయించి, ఒక ఎర్ర దారం కట్టి లోపలికి తీసుకుపోయారట. అలా బోసి చేతులతోనే ఇల్లు చేరింది. పెనిమిటి బతికి ఉండగా ఇదేం ఖర్మ అని అత్త అంజవ్వ మంచిరోజు చూసి రాధాబాయిని పిలిపించింది. రాధాబాయి గడపలో కూర్చుని గాజుల మలారం విప్పి, లసుమవ్వ దండను మోకాళ్ల మధ్య ఇరికించి, పచ్చ గాజుల్లో రెండు ఆరు సైజు కోసం వెతికింది. అది దొరక్క కొంతసేపు పట్టింది. మోకాళ్లు మాత్రం వదల్లేదు. తల ఎత్తి చూసేసరికి చేయి ముడుచుకుని తయారుగా ఉంది.

లసుమవ్వ తన చేతిని తానే వింతగా చూసుకుంది. "సుర్రుసుర్రుమంటున్నదక్కా. చీమలు పారినట్టున్నది" అంది.

"ఇరవై దినాలు గాజుల్లేవు గదా, గాజులకు మొగమాసింది నీ చెయ్యి" అని రాధాబాయి నవ్వింది.

చేయి అంత సన్నగా మొనదేలి ఉంటే రెండు ఆరు ఎందుకనుకుంది. అంతకంటే చిన్నది, రెండు నాలుగు సైజు, తీసి ఎక్కించింది. డజను గాజులు పుల్లమీద నుంచి జారినట్టు జారాయి. రెండో చేయి కూడా అంతే. మోకాళ్లు వదిలిన కాసేపటికి వేళ్లు విచ్చుకున్నాయి. గాజులు మణికట్టుకు అంటుకుని బిగుతుగా కూర్చున్నాయి. ఇంత చిన్న సైజు ఇంత ఈడొచ్చిన మనిషి చేతికి ఎక్కించానని రాధాబాయి పక్కింటి రామవ్వకు కూడా చూపించింది.

లసుమవ్వ రోగం సంగతి ఆ వీధికంతటికీ నోటికి వచ్చు. నాలుగేళ్ల కింద మార్కెట్‌లో కొమ్ముల గంప ఎత్తబోతే ఆమె మణికట్టు ఎముక పుటుక్కుమంది. మరుసటేడు అరుగు దిగుతుంటే పాదం విరిగింది. కిడ్నీలో రాళ్లు రెండుసార్లు వచ్చాయి. ఎవరో ఏదో చేశారన్నారు కొందరు. కష్టానికి ఎముకలు అరిగాయన్నారు మరికొందరు. చివరికి నిజామాబాదులో ఒక డాక్టరు రక్తం పరీక్ష చేయించి, రక్తంలో కాల్షియం, అంటే సున్నం, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉందని, హైదరాబాదు పొమ్మన్నాడు.

అక్కడ తెలిసింది అసలు సంగతి. మనిషి మెడలో కందిగింజలంతటి గ్రంథులు నాలుగు ఉంటాయట. వాటిలో ఊరే రసం ఎముకల్లోని సున్నాన్ని అవసరమైనంత రక్తంలోకి తెస్తుందట. లసుమవ్వ మెడలో వాటిలో ఒకటి రేగుపండంత ఉబ్బి, ఆపకుండా రసం ఊరిస్తూ, ఎముకలను తొలిచి సున్నమంతా రక్తంలో పోసింది. ఆ ఉబ్బిన గ్రంథిని కోసి తీసేశారు.

లసుమవ్వ పెనిమిటి గంగాకిషన్ మార్కెట్‌లో హమాలీ. ఏడో తరగతి దాకా చదివినవాడు. హైదరాబాదులో చూసినదంతా వచ్చి ఇంటింటా చెప్పాడు. గ్రంథి తీసినాక ఐదు నిమిషాలకోసారి, పది నిమిషాలకోసారి రక్తం తీసి చిన్న చిన్న సీసాల్లో పట్టారట. ఆ పాడు రసం ఒంట్లోంచి ఎంత తొందరగా పోతుందో, రక్తంలో సున్నం ఎక్కువున్నప్పుడు ఎట్లా పోతుందో తక్కువున్నప్పుడు ఎట్లా పోతుందో అక్కడి డాక్టర్లు లెక్క చూస్తున్నారట. దానికి ఒప్పుకుంటూ తను సంతకం కూడా పెట్టాడు. నాలుగు రోజులకు కాగితం వచ్చింది. గ్రంథి తీసిన కొద్ది నిమిషాలకే రసం సగానికి సగం పడిపోయింది, ఆ పొద్దు గూకేసరికి దాదాపు ఏమీ లేదు. లివరు, కిడ్నీలు కలిసి దాన్ని చీల్చి పారేశాయని చెప్పి పెద్ద డాక్టరు గంగాకిషన్ చేయి పట్టుకుని ఊపాడట. వీధిలో అందరికీ అర్థమైంది ఒక్కటే. చెడ్డది ఒంట్లోంచి వెళ్లిపోయింది, ఇక భయం లేదు.

మిగిలింది గోలీల సంగతి. ఇంటికి పంపేటప్పుడు సుద్దముక్కల్లాంటి పెద్ద పెద్ద తెల్ల గోలీలు ఒక సంచి నిండా ఇచ్చారు. ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి ఇచ్చారు. వచ్చిన నాడే గంగాకిషన్ గోలీల అట్టమీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. అక్కడ కాల్షియం అని ఉంది. రక్తంలో కాల్షియం ఎక్కువైందనే కదా ఇంత కథా నడిచింది, ఆపరేషను కాకముందు తమలపాకు మీద సున్నం కూడా రాయొద్దన్నది ఆ డాక్టర్లే కదా. ఇవి వేరే ఎవరివో పొరపాటున తమ సంచిలో పడి ఉంటాయి అనుకున్నాడు. అంజవ్వను అడిగాడు, రామవ్వను అడిగాడు. గాజులు తొడిగించిన పూట రాధాబాయిని కూడా అడిగాడు. సున్నంతో సచ్చి బతికిన మనిషికి మళ్లీ సున్నం గోలీలా, పక్కన పెట్టు తమ్మీ అని ఆమె చెప్పింది. ఆమె మనసులో నిజంగా అదే ఉంది. గోలీల సంచి గూట్లోనే ఉండిపోయింది.

మరునాడు పొద్దెక్కినాక రాధాబాయి ఆ వీధిలోంచి పోతుంటే లసుమవ్వ ఇంటి ముందు జనం కనబడ్డారు. పసుపు అమ్మకాల రోజులు కాబట్టి మగవాళ్లంతా మార్కెట్‌లో ఉన్నారు. గంగాకిషన్‌కు ఎవరో కబురు చెబితే పరుగెత్తి వచ్చాడు, భుజం మీది గోనెపట్టా అలాగే ఉంది. లోపల లసుమవ్వ చాప మీద గోడకు ఆనుకుని ఉంది. పెదాల చుట్టూ చీమలు పాకుతున్నాయని పొద్దున్నుంచి మూతి తుడుచుకుంటోందట. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. రెండు చేతులూ రొమ్ము ముందు ముడుచుకుని ఉన్నాయి. పాదాలు కూడా కిందికి వంగి బిగుసుకున్నాయి.

జనానికి ఆ బిగుసుకోవడం కొత్త కాదు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఆడా మగా సాయంత్రమైతే కల్లు తాగుతారు. అది ఉత్త కల్లు కాదని, అందులో ఏదో మందు కలుపుతారని అందరికీ తెలుసు. ముందటేడు ఏదో గొడవ వచ్చి కల్లు అమ్మే కంపౌండ్లకు పది రోజులు సరుకు రాలేదు. అప్పుడు చూడాలి ఊరిని. వణికేవాళ్లు, పిచ్చిమాటలు మాట్లాడేవాళ్లు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయేవాళ్లు. పదకొండో రోజు కల్లు వస్తే ఒక్కో గ్లాసు పట్టగానే లేచి కూర్చున్నారు. లసుమవ్వ కూడా దవాఖానకు పోకముందు రోజూ ఒక సీసా తాగేది.

"కల్లు బంద్ చేసింది గదా, గదే. ఒక సీస పడ్తె దిగుతది" అని అంజవ్వ తేల్చేసింది. రాధాబాయికి కూడా సరే అనిపించింది. గంగాకిషన్ సీసా తెచ్చాడు. లసుమవ్వ పళ్లు గిట్టకరుచుకుని ఉంటే రాధాబాయే ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, గ్లాసు పెదాలకు ఆనించి, కొద్ది కొద్దిగా పోసింది.

కాసేపటికి లసుమవ్వ కళ్లు మూతపడ్డాయి. మూలుగు ఆగింది. అంజవ్వ చూసిండ్రా అన్నట్టు అందరి వైపూ చూసింది. జనం కదలడం మొదలుపెట్టారు. గంగాకిషన్ గోనెపట్టా సర్దుకున్నాడు.

రాధాబాయి ఒక్కతే లేవలేదు. ఆమె చూపు లసుమవ్వ చేతుల మీద ఉంది. మనిషి నిద్రపోయింది గానీ చేతులు నిద్రపోలేదు. వేళ్లు అలాగే మొనదేలి ఉన్నాయి. రాధాబాయి ఒక చేయి పట్టుకుని విప్పబోయింది, రాలేదు. బొటనవేలిని అరచేతిలోంచి తీయబోయింది, కొయ్యలా ఉంది. అప్పుడు ఆమెకు నిన్నటి చేయి గుర్తొచ్చింది. తను మోకాళ్ల మధ్య బిగించిన కాసేపటికి ఇదే మొగ్గలా, ఇదే తీరులో ముడుచుకున్న చేయి.

ముందటేడు కల్లు లేక పడిపోయినవాళ్ల చేతులు ఎన్ని పట్టుకుంది తను. వణికిన చేతులవి, ఆడిన చేతులు. ఒక్కటి కూడా ఇట్లా ముడుచుకోలేదు. పైగా లసుమవ్వకు ఆ వణుకు హైదరాబాదుకు పోయిన మొదటి వారమే వచ్చి పోయిందని గంగాకిషనే చెప్పాడు. ఇరవై రోజుల తర్వాత మళ్లీ ఎందుకొస్తుంది?

ఆ మాటే అంది. అంజవ్వ మూతి తిప్పింది. "గాజులమ్ముకునేదానివి, వైద్యం ఎప్పుడు నేర్సినవే" అంది. నిద్రపోతున్న మనిషిని లేపి పరేశాన్ చేయొద్దంది.

అప్పుడే లసుమవ్వ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఊపిరి లోపలికి పీల్చుకునేటప్పుడు, సన్నగా, కోడిపిల్లను గొంతు నులిమినట్టు. ఒకసారి వచ్చి ఆగింది. అందరూ నిలబడిపోయారు. మళ్లీ వచ్చింది. ఆమె పెదాల చుట్టూ నలుపు తిరుగుతోంది.

రాధాబాయి గంగాకిషన్ వైపు తిరిగింది.

"తమ్మీ, నాకు బుగులైతున్నది. గిది కల్లు కాదు. దవాఖానకు తీస్కపోదాం పా."

గంగాకిషన్ తల్లి వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. ఆ తర్వాత అతను వంగి లసుమవ్వను పసుపు బస్తాను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు.

వీధి చివర ఎంకటి ఆటో ఉంది. ఎంకటి అంజవ్వకు దూరపు చుట్టం, ఒక్క మాట అడగకుండా బండి తీశాడు. కానీ మార్కెట్ రోడ్డు నిండా పసుపు బళ్లు. అంకాపూర్ నుంచి, కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. గంగాకిషన్ ఆటోలోంచి దూకి ముందు పరుగెత్తాడు. అడ్డంగా ఉన్న బస్తాలను తోటి హమాలీలతో కలిసి పక్కకు లాగేశాడు, ఎద్దుల ముకుతాడు పట్టి బళ్లను వెనక్కి నెట్టాడు. గాలినిండా పచ్చటి దుమ్ము లేచింది. ఆటో మనిషి నడిచినంత మెల్లగా కదిలింది.

లోపల రాధాబాయి ఒడిలో లసుమవ్వ తల, కాళ్ల దగ్గర అంజవ్వ. మామిడిపల్లి చౌరస్తా ఇంకా కనబడకముందే లసుమవ్వ ఒళ్లంతా బిర్రుగా బిగిసి, ఎగిరెగిరి పడడం మొదలైంది. ఆటో ఇనుపకడ్డీకి చేయి తగిలి ఒక గాజు టప్పున చిట్లింది. అంజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. రాధాబాయి తన రెండు చేతులనూ ఆ మణికట్ల చుట్టూ వేసి రొమ్ముకు అదుముకుంది. గాజుముక్క తన అరచేతిలో దిగింది. దిగనీ అనుకుంది. ఆమెకు వేరే ఆలోచన లేదు. గోలీలు పక్కన పెట్టుమన్న నోరు నాది, గ్లాసు పెట్టిన చేయి నాది, నిన్న ఈ చేయి చెప్పిన మాట విని నవ్విన మనిషిని నేను అని మాత్రం లోపల్లోపల తిరుగుతూ ఉంది.

బస్టాండు దగ్గరి చిన్న దవాఖానలో నర్సు ఎస్తేరమ్మ తలుపు దగ్గరే ఎదురొచ్చింది. యాభై ఏళ్ల మనిషి, చాలా చూసింది. లసుమవ్వ మూతి దగ్గర వంగి వాసన చూసి, డాక్టరమ్మకు వినబడేలా కల్లు కేసు అని చెప్పింది. అప్పటికే లోపల రెండు మంచాల మీద కల్లు కేసులు ఉన్నాయి. డాక్టరమ్మ చిన్నది, ఈ ఊరిది కాదు. వాళ్లకు ఇచ్చే ఇంజక్షనే తెమ్మని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లబోయింది.

ఎదురు పడి నిలబడింది రాధాబాయి. డాక్టర్లకు ఎదురు నిలబడి మాట్లాడడం పుట్టి ఎరగదు.

"అమ్మా, కల్లు నేనే తాపిచ్చిన. గంటకూడ కాలే. కల్లు లేక గాదిది. నిన్న నేను గాజులు ఏసెటప్పుడు దండ నా మోకాళ్ల నడుమ ఒత్తి పట్టిన. పట్టంగనే చెయ్యి గిట్ల ముడుసుకున్నది. ఇడిస్తె ఇచ్చుకున్నది. రెండు చేతులు గట్లనే జేసినయ్. ఇయ్యాల ఎవ్వలు పట్టకముందే ముడుసుకున్నది."

డాక్టరమ్మ ఆగింది. మొదట రాధాబాయి మొహం చూసింది, తర్వాత లసుమవ్వ చేతులు చూసింది. ఒక్క అంగలో మంచం దగ్గరికి వచ్చి లసుమవ్వ మెడ మీది కొంగు తీసింది. పసుపు మెత్తిన గాయం, ఇంకా ఎర్రగా ఉన్న కుట్లు కనబడ్డాయి.

"ఏం ఆపరేషను ఇది?" అని అడిగింది. గంగాకిషన్ గడగడా చెప్పాడు. గ్రంథి, రసం, ఎముకలు అన్నీ చెప్పాడు. మందులు ఏం వేస్తున్నారని అడిగితే రాధాబాయి వైపు చూశాడు. సున్నం గోలీలు ఆపేశామని రాధాబాయే చెప్పింది.

డాక్టరమ్మ ఎస్తేరమ్మతో ఇంగ్లీషులో ఏదో అంది. ఎస్తేరమ్మ పరుగులాంటి నడకతో బీరువా దగ్గరికి పోయి, కాల్షియం మందున్న పెద్ద గాజు ఆంపూళ్లు రెండు పట్టుకొచ్చింది. సూది గుచ్చడానికి చేతికి రబ్బరు కట్టి చూసింది. నరం దొరకలేదు. మణికట్టు దగ్గర దొరికేలా ఉంది గానీ అక్కడంతా గాజులే. ఎస్తేరమ్మ కత్తెర పిడి తీసి గాజుల మీద కొట్టబోయింది.

అంజవ్వ ఆ చేతికి అడ్డం పడింది. పచ్చ గాజులు పలగ్గొట్టొద్దని, కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడని కాళ్లావేళ్లా పడింది. ఒకటి ఇప్పటికే చిట్లిందని ఏడ్చింది. ఎస్తేరమ్మ ఆమెను పక్కకు నెట్టబోయింది.

"ఆగుండ్రి, నేను తీస్త" అంది రాధాబాయి.

లసుమవ్వ చేయి ఎలా ఉందో ఆ క్షణంలో రాధాబాయికంటే బాగా తెలిసినవాళ్లు అక్కడ లేరు. ఇంత బిగుతు గాజులు విచ్చుకున్న చేతినుంచి ఎన్నటికీ రావు. ఈ చేయి విచ్చుకోలేదు. ఆమె మణికట్టు దగ్గర చర్మాన్ని వెనక్కి లాగి, మొదటి గాజును కణుపుల మీదికి తోసింది. తన అరచేతిలోంచి కారుతున్న నెత్తురే నూనెలా పని చేసింది. గాజు జారింది. రెండోది. మూడోది. లసుమవ్వ గొంతులోంచి ఆ సన్నటి చప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారి ఊపిరి లోపలికి పోకుండానే ఆగిపోయినట్టనిపించింది. రాధాబాయి పైకి చూడలేదు. చూస్తే చేతులు ఆగిపోతాయని భయం. పదకొండు గాజులూ తీసి ఎస్తేరమ్మకు మణికట్టు అప్పజెప్పింది.

డాక్టరమ్మ సూది తనే పట్టుకుంది. ఆ మందు తొందరగా పోస్తే గుండె ఆగుతుందట. ఆమె ఎడమచేత్తో లసుమవ్వ మెడ దగ్గర నాడి పట్టుకుని, గోడ గడియారం చూస్తూ, చుక్క చుక్కగా తోసింది. తక్కిన రెండు మంచాల మీది వాళ్లు మూలుగుతున్నారు. గడియారం ముల్లు నాలుగు నిమిషాలు తిరిగింది. ఏమీ కాలేదు. ఆరు నిమిషాలు.

ఏడో నిమిషానికి లసుమవ్వ బొటనవేలు కదిలింది. అరచేతిలోంచి మెల్లగా బయటికి వచ్చింది. తర్వాత చిటికెనవేలు, దాని పక్కది. మందు అయిపోయేసరికి ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతోంది, చేయి మంచం మీద వెల్లకిలా పడి ఉంది, పసిబిడ్డ చేయిలా. అంజవ్వ గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది.

చాలాసేపటికి, సీసా మందు ఎక్కడం మొదలైనాక, డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుని గంగాకిషన్‌తో మాట్లాడింది. కోప్పడలేదు. అతను చేసిన పొరపాటు ఎక్కడ పుట్టిందో ఆమెకు అర్థమైంది. ఆ రసం పోయింది, నిజమే, నిమిషాల్లో పోయింది. కానీ రక్తంలోకి సున్నం తెచ్చిపెట్టింది కూడా ఆ రసమే. నాలుగేళ్లు తిండిలేక ఉన్న ఎముకలు ఇప్పుడు రక్తంలో ఉన్న సున్నాన్నంతా లాగేసుకుంటున్నాయి. బయటనుంచి గోలీలు వేయకపోతే రక్తంలో ఏమీ మిగలదు.

సున్నం తగ్గితే మళ్లీ ఆ రసం ఊరాలి కదా అని గంగాకిషన్ అడిగాడు. ఊరాలి అందామె. మామూలు మనిషిలో సున్నం తగ్గితే గ్రంథులు రసం ఎక్కువ ఊరిస్తాయి, ఉన్నదాన్ని కూడా ఒళ్లు తొందరగా పారేసుకోకుండా కొంత ఆపి ఉంచుకుంటుందేమోనని పెద్ద డాక్టర్లు చూస్తున్నారు, అది ఇంకా తేలలేదు. హైదరాబాదులో మీ ఆమె రక్తం అన్నిసార్లు పట్టింది అందుకే అయి ఉంటుంది. కానీ లసుమవ్వ మెడలో మిగిలిన మూడు గ్రంథులూ నాలుగేళ్లుగా పనిలేక నిద్రపోయి ఉన్నాయి. అవి లేచేదాకా ఈమె ఒంట్లో ఆపి ఉంచుకోవడానికి కూడా రసం లేదు.

"ఎన్ని దినాలకు లేస్తయమ్మా?" అని గంగాకిషన్ అడిగాడు.

వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, చెప్పలేనంది. రోజుకు పన్నెండు గోలీలు తప్పొద్దంది, కల్లు ముట్టొద్దంది. కల్లు మత్తులో ముడుచుకోవడం తెలియదు, నిద్రే అనుకుంటారు, ఆ నిద్రలోనే పోతుంది అంది. ఆ మాట విన్నప్పుడు రాధాబాయి తన కుడిచేతిని కొంగులో దాచుకుంది.

తర్వాత డాక్టరమ్మ రాధాబాయి వైపు తిరిగింది. మేము బీపీ చూసే పట్టీతో దండ బిగించి మూడు నిమిషాలు చూస్తాం, నువ్వు మోకాళ్లతో చూశావు, రెండూ ఒకటే అంది. రోజూ పొద్దున పరగడుపున అదే చెయ్యమంది. చేయి ముడుచుకుంటే ఇంకేం ఆలోచించకుండా తీసుకురమ్మంది.

రెండు రోజులకు లసుమవ్వ ఇంటికి వచ్చింది. ఆ మరునాటినుంచి రాధాబాయి మలారం ఇంట్లోనే పెట్టి, పొద్దున్నే ఉత్త చేతులతో ఆ వీధికి వస్తోంది. గంగాకిషన్ తన చేతి గడియారం విప్పి గడప మీద పెడతాడు. లసుమవ్వ ఎదురుగా కూర్చుని చేయి చాపుతుంది. రాధాబాయి మోకాళ్లు బిగిస్తుంది. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి చుట్టూ చేరతారు, అంజవ్వ లోపలే నిలబడి తలుపు సందులోంచి చూస్తుంది.

నాలుగో రోజు చూపుడువేలు కొద్దిగా వంగినట్టనిపించింది. రాధాబాయి ఆ వేలిని పట్టి చూసింది. ఈగ వాలితే కదిలించానని లసుమవ్వ చెప్పింది. అయినా రాధాబాయి మళ్లీ మొదటినుంచి మూడు నిమిషాలు పట్టింది, ఆ పూట గోలీలు తన కళ్లముందే వేయించింది.

ఐదో రోజు పొద్దున. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. రాధాబాయి చూపు ఆ వేళ్ల మీదనుంచి కదల్లేదు. రెండో చుట్టు తిరిగింది. వేళ్లు విడివిడిగా, వదులుగా ఉన్నాయి, గోళ్ల కింద కొద్దిగా ఎరుపు తేలింది.

"రాధాబాయక్కా" అంది లసుమవ్వ మెల్లగా, "నా చెయ్యి మంచిగనే ఉన్నది. నీ మోకాళ్లే వణుకుతున్నయ్."

ఆడవాళ్లు నవ్వారు. రాధాబాయి నవ్వలేదు. మూడో చుట్టు కూడా పూర్తయింది. గంగాకిషన్ గడియారం తీసుకుని మార్కెట్‌కు పోవడానికి లేచాడు. చేయి విచ్చుకునే ఉంది. రాధాబాయి మాత్రం మోకాళ్లు వదలకుండా, ఇంకొక్క చుట్టు చూద్దామని, అతన్ని ఆగమంది.